సభా మర్యాద ఎవరికోసం?

తెలుగులో సాహిత్య సభల చరిత్ర రాయాలనుకునేవారికి ఆధారాలకు కొదవ లేదు. ఆహ్వాన పత్రికలు, సావనీర్లు, మర్నాటి పేపర్లో వచ్చిన వార్తలు, శాలువాలు కప్పుతున్న ఫొటోలు దొరుకుతాయి. అధ్యక్షత ఎవరు వహించారో, వందన సమర్పణ ఎవరు చేశారో, భోజనాల ఖర్చు ఏ దాత భరించారో కూడా తెలుస్తుంది. ఒకసారి వచ్చి మంచి పత్రం చదివి, ఆ తర్వాత ఏ సభకూ రాని స్త్రీ ఎందుకు రాలేదో మాత్రం ఎక్కడా రాసి ఉండదు. పెళ్ళయిందనో, పిల్లలు పుట్టారనో, రాయడం మానేసిందనో మనమే ఒక కారణం చెప్పేసుకుంటాం. కొందరి విషయంలో అది నిజం కావచ్చు. మరికొందరి విషయంలో కారణం ఆ సభలోనే ఉంది. సభల్లో, సెమినార్లలో, వృత్తి సమావేశాల్లో స్త్రీల పట్ల జరిగే అసభ్య ప్రవర్తనను ఇంతకాలం ఎవరు ఎలా 'సర్దుబాటు' చేస్తూ వచ్చారు, ఆ సర్దుబాటు బరువు ఎవరి మీద పడింది అన్నది ఈ వ్యాసంలో చూడాలనుకుంటున్నాను.

మాది అనంతపురం జిల్లా విడపనకల్లు. ఒకవైపు గుంతకల్లు, ఒకవైపు ఉరవకొండ, సరిహద్దు దాటితే బళ్ళారి. నల్లరేగడి నేల. వాన పడితే పప్పుశనగ, మిరప, పత్తి. పడకపోతే వలస. ఇక్కడి నుంచి ఒక అమ్మాయి సాహిత్య సభకు బయలుదేరడమంటే సాయంత్రం బస్సు పట్టుకుని గుంతకల్లు చేరడం, అక్కడ రాత్రి రైలెక్కడం, తెల్లవారి తెలియని ఊళ్ళో దిగడం. ఆమెకు సభ జ్యోతి ప్రజ్వలనతో మొదలుకాదు. స్టేషనుకు ఎవరు వస్తారు, గది ఎక్కడ ఇస్తారు, ఆ గదికి గడియ పడుతుందా, రాత్రి భోజనం అయ్యాక హాలు నుంచి గదికి ఎవరితో వెళ్ళాలి, ఇవన్నీ ఆమె సభలో భాగమే. ఆ ఊళ్ళోనే ఇల్లున్న రచయిత్రి రాత్రికి ఇంటికి వెళ్ళిపోగలదు. దూరం నుంచి వచ్చిన, పరిచయాలు లేని, కులబలమూ లేని పరిశోధక విద్యార్థిని ఎవరో కేటాయించిన గదిలోనే ఉండాలి. అందుకే సభల్లో ప్రవర్తన గురించి మాట్లాడటమంటే సభకు ఎవరు రాగలరు, ఎవరు రాలేరు అన్నది మాట్లాడటమే.

మా ప్రాంతంలో స్త్రీల మీద వేధింపుల ప్రస్తావన వస్తే పెద్దవాళ్ళు హంపన్న కథ చెబుతారు. 1893 అక్టోబరులో గుంతకల్లు దగ్గర బ్రిటిష్ సైనికులు ఇద్దరు స్త్రీల వెంటపడ్డారు. రైల్వే గేటు కాపలాదారు హంపన్న ఆ స్త్రీలకు ఆశ్రయమిచ్చి అడ్డంగా నిలబడ్డాడు. తుపాకి గుండుకు బలయ్యాడు. నిందితుడైన సైనికుడి మీద మద్రాసులో విచారణ జరిగింది, అతను నిర్దోషిగా బయటపడ్డాడు. హంపన్నకు స్మారకం కట్టారు. కట్టవలసిందే. కానీ ఆ ఇద్దరు స్త్రీలు ఎవరు? వాళ్ళ పేర్లేమిటి? ఆ తర్వాత వాళ్ళేమయ్యారు? మేం వింటూ పెరిగిన కథలో ఈ ప్రశ్నలకు జవాబు లేదు. కాపాడినవాడి పేరు నిలిచింది. నిందితుణ్ణి న్యాయస్థానం విడిచిపెట్టింది. స్త్రీలు 'ఇద్దరు స్త్రీలు'గానే మిగిలిపోయారు. వేధింపుల చరిత్ర చాలావరకు ఇలాగే రాయబడింది. ఎదురుపడ్డ స్త్రీ ఏం అడిగింది అనే దానికి అందులో చోటు లేదు.

అడిగిన స్త్రీ మన సాహిత్యంలో లేకపోలేదు. సభాపర్వంలో ద్రౌపది ఏడ్చిందని, కృష్ణుణ్ణి తలచిందని మనకు బాగా గుర్తు. అంతకుముందు ఆమె నిండు సభను ఒక న్యాయమైన ప్రశ్న అడిగింది. తనను తాను ఓడిపోయినవాడికి నన్ను పణంగా పెట్టే హక్కు ఉందా అని. పెద్దలు ధర్మం సూక్ష్మమన్నారు. వికర్ణుడు ఒక్కడు మాట్లాడితే చిన్నవాడివి, నీకేం తెలుసునని కర్ణుడు నోరు మూయించాడు. ఇది స్త్రీవాదులు చాలాసార్లు చర్చించిన ఘట్టమే. ఇక్కడ నాకు కావలసింది ఒక్క సంగతి. ఆ సభలో మర్యాదకు లోటు లేదు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరు ముందు మాట్లాడాలో అందరికీ తెలుసు. లేనిదల్లా ఆమె ప్రశ్నకు జవాబు చెప్పవలసిన మనిషి. సభా మర్యాద వేరు, సభలో బాధ్యత వేరు.

ఈ తేడాను ఆధునిక కాలంలో తెలుగు స్త్రీలు తమ అనుభవం నుంచే చెప్పారు. స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల కథనాలున్నాయి. సమానత్వం కోసం ప్రాణాలకు తెగించిన ఉద్యమంలో కూడా స్త్రీ పురుషుల మధ్య ఏదైనా జరిగితే అనుమానం ముందుగా స్త్రీ మీదికే ఎలా వచ్చేదో అందులో మాట్లాడినవాళ్ళు దాచుకోలేదు. అలాగని వాళ్ళు ఉద్యమాన్ని తిట్టలేదు. దాని మీద ప్రేమతోనే లోటు చెప్పారు. మన సాహిత్య సంస్థల గురించి మాట్లాడబోతే 'సంస్థ పరువు తీస్తున్నారు' అనేవాళ్ళు ఆ పుస్తకాన్ని మరోసారి చదవాలి.

ఆ పుస్తకం వచ్చిన రెండేళ్ళకు, 1988 జులై 18న, చండీగఢ్‌లో ఉన్నతాధికారుల విందు ఒకటి జరిగింది. అక్కడ ఐ.ఏ.ఎస్. అధికారి రూపన్ దేవల్ బజాజ్ పట్ల పంజాబ్ పోలీసు డైరెక్టర్ జనరల్ కె.పి.ఎస్. గిల్ అసభ్యంగా ప్రవర్తించాడు. అందరూ ఉద్యోగులే, అందరూ పరిచయస్థులే, చుట్టూ వాళ్ళ కుటుంబాలు. ఆమె పై అధికారులకు చెప్పింది. విషయం పెద్దది చేయవద్దన్నారు. పోలీసు కేసు పెట్టింది. 1989లో హైకోర్టు ఆ కేసును కొట్టేసింది. మామూలు మనిషి పట్టించుకోనంత స్వల్ప హాని నేరం కాదనే సెక్షన్ ఒకటి మన శిక్షాస్మృతిలో ఉంది. దాన్ని ఒక మహిళా అధికారి శరీరానికి వర్తింపజేశారు. అదే సంవత్సరం గిల్‌కు పద్మశ్రీ వచ్చింది. 1995లో సుప్రీంకోర్టు ఇది స్వల్ప విషయం కాదని చెప్పి కేసును మళ్ళీ నిలబెట్టింది. 1996లో శిక్ష పడింది. 2005లో సుప్రీంకోర్టు ఆ నేర నిర్ధారణను ఖాయం చేసింది. అంటే ఒక సాయంత్రం జరిగిన పని 'చిన్న విషయం' కాదని తేల్చడానికి 17 ఏళ్ళు పట్టింది. ఐ.ఏ.ఎస్. అధికారికే ఇంతకాలం పడితే, ఫెలోషిప్పు డబ్బు ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూసే పరిశోధక విద్యార్థిని మాటేమిటి?

ఇది మన దేశపు వెనుకబాటుతనం అనుకోవడానికి లేదు. 1991 సెప్టెంబరులో అమెరికాలోని లాస్ వెగాస్‌లో నౌకాదళ విమానచోదకుల వార్షిక సమావేశం జరిగింది. దానిని నిర్వహించిన సంఘం పేరు టెయిల్‌హుక్. హోటలు మూడో అంతస్తు వరండాలో అధికారులు రెండు వరుసలుగా నిలబడి, అటుగా వచ్చిన స్త్రీలను ఒకరి చేతుల్లోంచి ఒకరి చేతుల్లోకి తోశారు. 83 మంది స్త్రీలు, ఏడుగురు పురుషులు దాడికి గురయ్యారని రక్షణ శాఖ విచారణ తేల్చింది. లెఫ్టినెంట్ పౌలా కాఫ్లిన్ బయటికి వచ్చి మాట్లాడింది. నౌకాదళ మంత్రి 1992లో రాజీనామా చేశాడు. ఎన్నో పదోన్నతులు ఆగాయి. సైనిక న్యాయస్థానంలో మాత్రం ఒక్కరికీ శిక్ష పడలేదు. కాఫ్లిన్ ఉద్యోగం వదిలేసింది. చండీగఢ్‌లోనూ లాస్ వెగాస్‌లోనూ చెప్పిన సాకు ఒకటే. అది పని కాదు, వినోదం. ఆఫీసు కాదు, విందు. సమావేశాల విషయంలో పురుషాధిక్యత ఎప్పుడూ ఈ సందులోంచే తప్పించుకుంది.

ఆ సందును మూసే ప్రయత్నానికి మూలం ఏ విశ్వవిద్యాలయంలోనూ లేదు. రాజస్థాన్‌లోని భటేరీ గ్రామంలో ఉంది. కుమ్మరి కులానికి చెందిన భన్వరీ దేవి ప్రభుత్వ మహిళాభివృద్ధి పథకంలో 'సాథిన్'గా పనిచేసేది. బాల్య వివాహాన్ని ఆపే ప్రయత్నం చేసినందుకు 1992 సెప్టెంబరులో ఆమెపై సామూహిక అత్యాచారం జరిగింది. 1995లో కింది కోర్టు నిందితులను అత్యాచార నేరం నుంచి విడిచిపెట్టింది. ఆ తీర్పులోని కుల దృష్టి దేశమంతటా స్త్రీలను కదిలించింది. స్త్రీల సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్ళాయి. ఆమె పని చేస్తూ ఉండగా, ఆ పని కారణంగా ఇది జరిగింది, కాబట్టి పని ఇచ్చినవారికి బాధ్యత ఉంది అన్నది వాళ్ళ వాదన. 1997 ఆగస్టు 13న వచ్చిన విశాఖ తీర్పు, 2013 చట్టం రెండూ అక్కడి నుంచి వచ్చినవే. ఈనాడు యూనివర్సిటీల్లో మనం 'ఇంటర్నల్ కమిటీ' అని హాయిగా అంటున్న మాట వెనుక ఒక వెనుకబడిన కులపు గ్రామీణ కార్యకర్త ఉంది. ఆమెకు మాత్రం న్యాయం దక్కలేదు.

ఆ చట్టంలో సభలకు సంబంధించినవి కొన్ని ఉన్నాయి. ఉద్యోగ రీత్యా వెళ్ళిన ఏ చోటైనా, సంస్థ ఏర్పాటు చేసిన వాహనంతో సహా, పనిస్థలమే. జీతం లేకుండా స్వచ్ఛందంగా పనిచేసేవారూ ఉద్యోగులే. ఫిర్యాదు చేసే స్త్రీ ఆ సంస్థలో ఉద్యోగి కానక్కరలేదు. 2016 మే నెలలో అమల్లోకి వచ్చిన యూజీసీ నిబంధనలు ఇంకొంచెం ముందుకు వెళ్ళాయి. క్షేత్ర పర్యటనలు, విజ్ఞాన యాత్రలు, క్యాంపులు, సాంస్కృతిక ఉత్సవాలు, విద్యార్థిగానో ఉద్యోగిగానో పాల్గొనే అలాంటి ఇతర కార్యక్రమాలు జరిగే చోట్లన్నీ క్యాంపస్‌లో భాగమేనన్నాయి. సెమినారు అందులోకి వస్తుందనడానికి పెద్ద తర్కం అక్కరలేదు.

మరి ఆచరణలో? ఈ నిబంధనలు వచ్చాక, నేను పీహెచ్.డి. చేస్తున్న రోజుల్లోనే, ఒక జాతీయ సదస్సులో పత్రం చదవడానికి వెళ్ళాను. రాత్రి పదిన్నరకు పేరున్న విమర్శకుడొకాయన నా గది తలుపు తట్టాడు. పత్రం గురించి చర్చిద్దామన్నాడు. తలుపు తీయలేదు. పొద్దున మాట్లాడదాం సార్ అన్నాను. ఆయన వెళ్ళలేదు. నా కవితల్లో శరీరం గురించి అంత ధైర్యంగా రాశానట, మనిషిని చూస్తే ఇంత భయమేమిటట. తలుపు అవతల నిలబడి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. పొద్దున నిర్వాహకులకు చెప్పాను. "పెద్దాయన, ఆయన అలవాటే అంత, మీరేం మనసులో పెట్టుకోకండి మేడం" అని నన్ను ఇంకో గదిలోకి మార్చారు. ఫిర్యాదు ఎవరికివ్వాలని అడిగితే, మీ యూనివర్సిటీలో ఇవ్వాలో మాకివ్వాలో తెలియదన్నారు. ఆయన రెండింటిలోనూ ఉద్యోగి కాదు. మధ్యాహ్నం ఆయన అధ్యక్షతలోనే నేను పత్రం చదివాను. సాయంత్రం ఆయనకు సన్మానం జరిగింది.

ఆయన నా కవితల ప్రస్తావన తేవడం యాదృచ్ఛికం కాదు. శరీరం గురించి, కాన్పు గురించి, పడకగది గురించి స్త్రీలు రాసిన కవితలను 'నీలి కవితలు' అని ఎద్దేవా చేసిన రోజులు తెలుగులో ఉన్నాయి. 1993లో ఓల్గా సంపాదకత్వంలో వచ్చిన 'నీలిమేఘాలు' సంకలనం ఆ కవిత్వాన్నంతా ఒకచోట చేర్చి నిలబెట్టింది. చర్చలో గెలిచామనే అనుకున్నాం. కానీ కాగితం మీద ఒప్పుకున్నవాళ్ళలో కొందరు గది తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆ కవిత్వాన్ని ఆహ్వానంగా చదువుకుంటున్నారు. రాసిన స్త్రీకి సభలో ఎదురయ్యే వేధింపు రాయని స్త్రీకి ఎదురయ్యేదానికంటే కొంచెం వేరు. ఆమె వాక్యాలే ఆమెకు వ్యతిరేకంగా సాక్ష్యమవుతాయి. తర్వాత ఆమె ఏం రాయాలో, ఏం రాయకూడదో కూడా అదే నిర్ణయిస్తుంది. కాబట్టి ఇది సాహిత్యేతర సమస్య కాదు.

ఎక్కడా వినేవారు లేనప్పుడు స్త్రీలు వేరే దారులు వెతుక్కున్నారు. 2017 అక్టోబరులో వేధించిన అధ్యాపకుల పేర్లతో ఒక జాబితా వచ్చింది. ఫిర్యాదుదారుల పేర్లు లేకుండా, వివరాలు లేకుండా పేర్లు ప్రకటించడం సరికాదని కొందరు సీనియర్ స్త్రీవాదులు అన్నారు. కమిటీలను నమ్మి నష్టపోయినవాళ్ళకు మీరు చెప్పే పద్ధతి ఎక్కడుందని చిన్నవాళ్ళు అడిగారు. ఆ చర్చలో కులం ప్రశ్న కూడా ముందుకొచ్చింది. నాకు రెండు వాదనల్లోనూ బలం కనిపిస్తుంది. నింద పడ్డవారికీ తమ మాట చెప్పుకునే అవకాశం ఉండాలి. కానీ పద్ధతి పాటించమని చెప్పే హక్కు, పద్ధతి అంటూ ఒకటి ఏర్పరచినవాళ్ళకే ఉంటుంది.

2018 ఏప్రిల్‌లో హైదరాబాద్ ఫిల్మ్ ఛాంబర్ ముందు శ్రీరెడ్డి చేసిన అర్ధనగ్న నిరసనను మనలో చాలామంది ఇబ్బందిగా చూశాం. ఆ ఇబ్బంది పక్కన పెడితే, ఆ తర్వాత జరిగిన క్రమం గమనించదగ్గది. మొదట నటుల సంఘం ఆమెతో సభ్యులెవరూ నటించకూడదంది. జాతీయ మానవ హక్కుల సంఘం నోటీసులిచ్చింది. నిషేధం తొలగించారు. ఫిర్యాదుల కమిటీ వేస్తామన్నారు. స్త్రీల సంఘాలు పట్టుబట్టగా 2019లో తెలంగాణ ప్రభుత్వం కమిటీ వేసింది, 2022లో నివేదిక అందింది. 2024 ఆగస్టులో కేరళలో హేమ కమిటీ నివేదిక బయటికొచ్చాక, మన నివేదికను కూడా బయటపెట్టండని నటి సమంత అడగవలసి వచ్చింది. అదే 2018లో గాయని చిన్మయి, కచేరీ కోసం విదేశం వెళ్ళినప్పుడు తనకు ఎదురైన సంగతి చెప్పి ఒక ప్రముఖ తమిళ కవిపై ఆరోపణ చేసింది. ఆయన కాదన్నాడు. కొద్ది వారాల్లో ఆమె తమిళ డబ్బింగ్ కళాకారుల సంఘం సభ్యత్వం పోయింది. చందా కట్టలేదని సంఘం కారణం చెప్పింది. సినిమావాళ్ళ గొడవ మనకెందుకని అనుకోవద్దు. సినిమా యూనిట్ కూడా సభలాంటిదే. కొన్నాళ్ళు కలుస్తారు, పని అయ్యాక విడిపోతారు, ఎవరికెవరు యజమాని అన్నది స్పష్టంగా ఉండదు. అయినా ప్రతి యూనిట్‌కూ కమిటీ ఉండాలని 2022 మార్చిలో కేరళ హైకోర్టు చెప్పింది. తాత్కాలికం అన్నది సాకు కాదని తేలింది.

నన్ను ఆనాడు తిప్పి పంపిన 'ఎక్కడ ఫిర్యాదు చేయాలి' అన్న ప్రశ్నకు కూడా జవాబు వచ్చింది. వేధించినవాడు వేరే సంస్థ ఉద్యోగి అయినా, స్త్రీ తాను పనిచేసే చోటి కమిటీకే ఫిర్యాదు ఇవ్వవచ్చని 2025 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. సంస్థల మధ్య గోడలు అడ్డం పెట్టుకుని తప్పించుకునే వీలు ఇక తగ్గాలి.

అయినా ఒక ఖాళీ మిగిలే ఉంది. అద్దె హాల్లో జరిగే సాహితీ సంస్థ సభ, పుస్తకావిష్కరణ, కథా వర్క్‌షాపు, అక్కడికి సొంత ఖర్చులతో వచ్చిన ఉద్యోగం లేని రచయిత్రి. ఇక్కడ యజమాని ఎవరు? పదిమంది కంటే తక్కువమంది పనిచేసే చోట్ల, యజమాని మీదే ఫిర్యాదు ఉన్న చోట్ల జిల్లా స్థానిక కమిటీకి వెళ్ళవచ్చని చట్టం చెబుతోంది. ఫిర్యాదులు తీసుకుని ఏడు రోజుల్లో ఆ కమిటీకి పంపడానికి గ్రామీణ ప్రాంతాల్లో ప్రతి మండలంలో ఒక నోడల్ అధికారి ఉండాలి. మా విడపనకల్లులో ఆశా కార్యకర్తలున్నారు, అంగన్‌వాడీ టీచర్లున్నారు, పొదుపు సంఘాల లీడర్లున్నారు. మీటింగులకు, శిక్షణలకు వాళ్ళు ఉరవకొండకో అనంతపురానికో పోతూనే ఉంటారు. వాళ్ళ సభలూ సభలే. నోడల్ అధికారి ఎవరని అడిగితే నాకు తెలిసినవాళ్ళలో ఒక్కరూ చెప్పలేకపోయారు. భన్వరీ దేవి లాంటి కార్యకర్తల వల్ల వచ్చిన చట్టం ఆ కార్యకర్తల దాకా చేరలేదు.

సాహిత్య సంస్థలు చేయగలిగినవి పెద్ద కష్టమైనవేం కావు. సభకు ముందే ఇద్దరు ముగ్గురిని బాధ్యులుగా నిర్ణయించి, వాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు అందరికీ తెలియజేయాలి. వాళ్ళలో ఒకరైనా ఆ సంస్థకు బయటివారు అయి ఉండాలి. ఫిర్యాదు వస్తే మాటలతో సరిపెట్టకుండా కాగితం మీద నమోదు చేయాలి, చట్టం ఇచ్చిన మూడు నెలల గడువు గురించి ఆమెకు చెప్పాలి. గది మారవలసింది, సభ వదిలి వెళ్ళవలసింది ఆమె కాదు. విచారణ తేలేదాకా ఆరోపణ ఉన్న వ్యక్తిని ఆమె పత్రానికి అధ్యక్షుడిగానో, ఆమె పుస్తకానికి న్యాయ నిర్ణేతగానో కూర్చోబెట్టకూడదు. స్త్రీల సంస్థలు నిర్వహించే సభలకూ ఇవన్నీ వర్తించాలి. మన వేదికల మీద గౌరవించుకునే పెద్దల్లోనూ ఇలాంటి అలవాట్లున్నవారు ఉన్నారని గుసగుసగా చెప్పుకోవడం కంటే ఇది మేలు.

గుసగుసను నేను తక్కువ చేయడం లేదు. "ఆయన పక్కన కూర్చోకమ్మా", "రాత్రి ఫోన్ చేస్తే తీయకు" అని నన్ను హెచ్చరించిన అక్కలే ఈ రంగంలో నన్ను నిలబెట్టారు. కానీ ఆ మాట తెలిసినవాళ్ళకే చేరుతుంది. మొదటిసారి రైలు దిగిన అమ్మాయికి, ఎవరి శిష్యురాలూ కాని అమ్మాయికి చేరదు. ఆమెకు చేరాలంటే అది అచ్చులో ఉండాలి. మన ఆహ్వాన పత్రికల కింద 'భోజన వసతి కలదు' అని వేస్తాం. దాని కింద ఇంకో రెండు వాక్యాలకు చోటుంది. ఇబ్బంది కలిగితే ఎవరికి చెప్పాలో, చెప్పాక సంస్థ ఏం చేస్తుందో ఆ రెండు వాక్యాల్లో రాయవచ్చు. రాబోయే సభల నిర్వాహకుల్లో ఈ పత్రిక చదివేవాళ్ళు చాలామందే ఉంటారు. మొదట అచ్చువేసేది మనమే ఎందుకు కాకూడదు?